ఒంటి జొన్నచేను

గద్వాలకు కోట ఉంది, చీర ఉంది. వనపర్తికి రాజావారి భవనం ఉంది. మా ఊరికి అట్లాంటివేవీ లేవు. వడ్డేపల్లి నుంచి రాయచూరు దిక్కుకు పోయే రోడ్డు మీద, నల్లరేగడి చేల నడుమ, ఒక బస్టాండు, ఒక గోదాము, రెండు వరుసల దుకాణాలు ఉన్న చిన్న ఊరు మాది. అయినా మా ఊరికి చరిత్ర లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మావాళ్లు కాలాన్ని పంటలతో గుర్తుపెట్టుకుంటారు. మా ఆయన జొన్న కాలంలో పుట్టాడు. మా పెళ్లి పల్లి కాలంలో అయింది. ఊళ్లో పల్లికాయ కొట్టే మిల్లు కొత్తగా పెట్టిన యేడు అది. గాలి అటు తిరిగితే చాలు, పెళ్లి పందిట్లో కూర్చున్నవాళ్ల తలల మీద పొట్టు రాలింది. మా పిల్లలు పుట్టేనాటికి పత్తి వచ్చింది. మొదట మామూలు పత్తి, తర్వాత కంపెనీలకు విత్తనం కోసం పండించే సీడు పత్తి. ఇప్పుడు వానాకాలంలో ఏ గట్టు మీద నిలబడి చూసినా పత్తి పూలే.

నేను బస్టాండు పక్కన జొన్నరొట్టెలు చేసి అమ్ముతాను. మొదలుపెట్టినప్పుడు ఊరు నవ్వింది. రేషను బియ్యం వచ్చాక అన్నం తినడమే మా ఇళ్లల్లో బతుకు బాగుపడ్డ గుర్తు. రొట్టె తిన్నామంటే లేనివాళ్లం అని చెప్పుకున్నట్టే. అట్లాంటి ఊళ్లో రొట్టె ఎవరు కొంటారని మా చుట్టాలే అడిగారు. కొన్నాళ్లకు ఊరిలో షుగరు జబ్బు పెరిగింది. దవాఖానలో రాత్రిపూట అన్నం మానమన్నారని ఒక్కొక్కరే నా పొయ్యి దగ్గరికి రావడం మొదలుపెట్టారు. వాళ్లను చూసి లారీ డ్రైవర్లు, బ్యాంకులో పనిచేసేవాళ్లు వచ్చారు. సాయంత్రమైతే పిండి తడిపే చేయి, రొట్టె కొట్టే చేయి ఆగేది కాదు.

చిక్కల్లా జొన్నల దగ్గర వచ్చింది. చుట్టూ ఇన్ని చేలుండి కూడా జొన్నలు మాత్రం రాయచూరు నుంచి బస్తాల్లో రావాలి. ఆ యేడు తెచ్చిన పిండితో రొట్టె అంచులు పగిలిపోతున్నాయి. వేడినీళ్లు ఎక్కువ పోసి చూశాను, ఎక్కువసేపు పిసికి చూశాను. లాభం లేకపోయింది. మా అత్త పుట్టిల్లు రాయచూరు అవతల. జొన్నను ఇప్పటికీ జోళ అనే అంటుంది. ఆమె బస్తాలోంచి నాలుగు గింజలు తీసి నమిలి, "ఇది పాత జోళ. జిగురు చచ్చిపోయింది. కొత్త గింజ లేనిది నువ్వేం చేసినా రొట్టె నిలవదు" అంది.

మాకు ఊరి పడమర ఒక నల్లరేగడి చేను ఉంది. ఈసారి అందులో పత్తి మానేసి యాసంగికి జొన్న వేద్దామని అన్నాను. మా ఆయన, ఊరంతా పత్తి పెట్టి మనమొక్కరమే జొన్న పెడితే పిట్టలు వదిలిపెడతాయా అని అడిగాడు. పిట్టలకు భయపడి విత్తడం మానుకున్నవాళ్లు ఎవరున్నారని నేను ఎదురడిగాను. ఆయన సరే అన్నాడు. వానాకాలమంతా చేను బీడు పెట్టాం. ఉత్తర కార్తెలో మంచి పదునులో విత్తాం.

పైరు చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. మనిషెత్తు పెరిగి, పిడికిట్లో పట్టనంత కంకులు వేసింది. గింజ పాలు పోసుకుంటున్న రోజుల్లో ఒక పొద్దున చేనికి పోయేసరికి కంకులు కనబడలేదు. ప్రతి కంకి మీదా పిట్టలే. పిచ్చుకలు, చిలకలు, మేము జొన్నపిట్టలని పిలిచే గులాబీ రంగు గోరింకలు. పళ్లేలు మోగించాం. మెరిసే రిబ్బన్లు కట్టాం. ఇద్దరం చెరో పక్కా నిలబడి అరిచాం. ఈ అంచున లేచిన గుంపు ఆ అంచున వాలేది. ఎక్కడికి పోతాయి మరి? చుట్టూ కనుచూపు మేర పత్తి కట్టె తప్ప గింజ అన్నది లేదు. పొలాల మీదుగా ఎన్ని ఊళ్ల పిట్టలు వచ్చాయో తెలియదు. పంట చేతికొచ్చేనాటికి కంకులు చీపుళ్లలా మిగిలాయి. పశువుల మేతకు సొప్ప మాత్రం కోసుకున్నాం.

మా ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది, నేను కూడా రెండు మాటలు అని ఊపిరి తీసుకునేదాన్ని. పొయ్యి దగ్గర కూర్చుంటే మాత్రం వచ్చినవాళ్లంతా పిట్టల గురించే అడిగారు. ఒకాయన, ఆ చేను వాటికే రాసిచ్చినవా అన్నాడు. నేనూ నవ్వాను కానీ లోపల మండింది.

అత్తను అడిగాను, మీ కాలంలో పిట్టలు లేవా అని. ఆమె వక్కలు కత్తిరిస్తూ నింపాదిగా చెప్పింది.

"ఎందుకు లేవు? ఇంకా ఎక్కువనే ఉండె. గప్పుడు ఊరంత జోళనే. తలా చేన్ల పిడికెడు తిని పోయేటివి. ఇప్పుడు ఊరందరి పిడికిళ్లు నీ ఒక్క చేన్లనే తిన్నయి."

ఆ మాటతో నా మనసు తేలికైంది. తప్పు జొన్నది కాదు, నాది కాదు, పిట్టలదీ కాదు. ఒంటిగా విత్తడమే పొరపాటు. అయితే పక్క చేలవాళ్లను కదిలించాలి. ఆ పని నేను చేయగలను. నా దగ్గరికి రోజూ ఊరంతా వస్తుంది కదా.

మా చేనికి ఉత్తరాన ఉన్న చేను ఒక భాయ్ కౌలుకు చేస్తాడు. ఆయనకు బస్టాండు ఎదురుగా వెల్డింగు దుకాణం, ఇంటి దగ్గర బర్రెలు. నా మాట పూర్తి కాకముందే ఒప్పుకున్నాడు. "బర్లకు మేత లేక పరేషాన్ అయితున్న అక్కా. సొప్ప నాకుంటది, గింజలు నువ్వే కొంటవు. ఇంకేం కావాలె?" అన్నాడు.

దక్షిణాన ఉన్న చేను పెద్ద రైతుది. చుట్టరికం లేకపోయినా ఆయన్ని మామా అనే పిలుస్తాం. ఊళ్లో మొట్టమొదట సీడు పత్తి పెట్టింది ఆయనే. జొన్న మాట ఎత్తగానే, ఆడుకోవడానికి వేరే భూమి చూసుకొమ్మన్నాడు. నాకు కోపం రాలేదు. ఆయనకు షుగరు. రోజూ సాయంత్రం నా రొట్టె తినందే ఇంటికి పోడు. వారం రోజులు ఏమీ అనకుండా రొట్టె వేశాను. ఒకనాడు పళ్లెం అందిస్తూ అడిగాను.

"మామా, నీకు పొద్దుమీకితే రొట్టె కావాలె. నీ చేన్ల మాత్రం జొన్న వద్దంటవు. మరి రొట్టె యాడ పండుతదో జర నువ్వే చెప్పు."

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. తిని, చేయి కడుక్కుని వెళ్లిపోయాడు. మూడు నాలుగు రోజులు రాలేదు కూడా. నేను హద్దు మీరానేమో అనుకున్నాను. తర్వాత ఒక సాయంత్రం వచ్చి ఎప్పటి చోటే కూర్చున్నాడు. "గట్టు పక్కన ముక్క పెడ్త. సీడు మడి జోలికి రాకు" అన్నాడు. రాను అన్నాను.

ఆ యేడు వాన కూడా మాకు సాయం చేసింది. మా చేనికి దిగువన రెండు మూడు పత్తి చేలు నీళ్లు నిలిచి ఎర్రబడ్డాయి. వాళ్లు పత్తి పీకేసి, ఆ పదును మీదే మాతో పాటు జొన్న విత్తారు. పిలవకుండా వచ్చినవాళ్లు వాళ్లు. అట్లా పడమర దిక్కున చాలా ఏళ్ల తర్వాత చేలన్నీ కలిసి ఒక్కటిగా జొన్న లేచింది.

పిట్టలను ఎవరు కాయాలి అన్నది తర్వాతి మాట. బస్టాండులో రావిచెట్టు కింది బల్ల మీద పొద్దంతా కూర్చునే ముసలివాళ్లున్నారు. చిన్నప్పుడు మంచెలెక్కి వడిసెలతో రాళ్లు విసిరినవాళ్లే. వాళ్లను అడిగితే చేతకాదన్నారు. మర్నాడే ఒకాయన నులకతో వడిసెల పేనుకుని వచ్చాడు. మంచెకు కట్టెలు దొరక్కపోతే భాయ్ తన దుకాణంలో పాత ఇనుప పైపులతో మంచె అతికి, మెట్లు పెట్టి, పైన రేకు వేశాడు. దాన్ని ట్రాక్టరు మీద చేనికి తీసుకుపోతుంటే ఊరంతా బయటికొచ్చి చూసింది.

ఆ మంచె మొదట ఎక్కింది మా అత్త. మోకాళ్ల నొప్పులతో ఇంట్లో గడప దాటడానికే నా భుజం పట్టుకునే మనిషి. వద్దని బతిమాలాను. పడితే ఎముక అతకదని బెదిరించాను. "నువ్వు నీ రొట్టెలు చూస్కో. పిట్టల సంగతి నాకిడిశిపెట్టు" అని ఒక్కొక్క మెట్టూ ఎక్కింది. పైన కూర్చుని, చిన్ననాడు పుట్టింట్లో అరిచినట్టే కన్నడంలో కేకలేసింది. ఆ గొంతు రోడ్డు దాకా వినబడేది. మిగతా ముసలివాళ్లు వంతులు వేసుకున్నారు. ఆమె వంతు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

పిట్టలు వచ్చాయి. రాకుండా ఎట్లా ఉంటాయి? అన్ని చేల మీదా వాలాయి, అన్నిట్లోనూ తిన్నాయి. గట్టు చివర కంకులు కొన్ని ఉత్తవైపోయాయి. నడిమి చేను మాత్రం నిండుగా నిలబడింది. కోతకు పదిమంది ఆడవాళ్లం దిగాం. కొడవలితో జొన్న కోయడం మాలో కొందరికి అదే మొదటిసారి. మధ్యాహ్నం కాకముందే చేతులకు బొబ్బలెక్కాయి. ఎవరూ గట్టెక్కి కూర్చోలేదు.

కొత్త జొన్నలు పిండి పట్టించి తెచ్చిన సాయంత్రం, ముద్ద చేతిలోకి తీసుకోగానే తెలిసింది. సాగుతోంది. చేత్తో కొడితే వెన్నెల బిళ్లలా గుండ్రంగా విచ్చుకుంది, అంచున ఒక్క పగులు లేదు. పెంక మీద పొంగింది. మొదటిది అత్తకు పెట్టాను. రెండోది పెద్దరైతు మామకు. ఆయన సగం తిని, "వచ్చే యేడు ఇంకొంచెం పెడ్త" అన్నాడు. అంతకంటే ఎక్కువ పొగడ్త ఆయన నోట ఎవరూ వినలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ అని చెప్పాను.

ఇది జరిగి కొన్నేళ్లయింది. పత్తి ఎక్కడికీ పోలేదు. మా ఊరు దాని మీదే బతుకుతుంది, నాకూ దాని మీద పగ లేదు. కానీ వానలు తగ్గుముఖం పట్టేవేళ, పడమర చేలవాళ్లు ఇప్పుడు ఒకచోట కూర్చుని ఎవరెవరు జొన్న పెడుతున్నారో ముందే అనుకుంటారు. బస్టాండులో నాతో పాటు ఇంకో ఇద్దరు ఆడవాళ్లు రొట్టె పొయ్యిలు పెట్టారు. ముగ్గురం ఆ చేల జొన్నే కొంటాం.

మొన్న తూర్పు దిక్కు నుంచి కొత్తగా పెళ్లయిన ఒక జంట వచ్చింది. వాళ్ల చేను రోడ్డుకు అవతల, చుట్టూ పత్తే. జొన్న వేస్తే గింజలు కొంటావా అక్కా అని అడిగారు. కొంటాను, కానీ ఒంటిగా మాత్రం విత్తకండి అన్నాను. పక్క చేనాయన మాట వినే మనిషి కాదని ఆ అమ్మాయి అంది. ఆయన ఇల్లెక్కడో అడిగాను. పొయ్యి ఆర్పి, చేతులకు అంటిన పిండి దులుపుకుని, వాళ్లతో పాటు నేనూ బయల్దేరాను.