సల్ల వద్దన్నది డాక్టరమ్మ కాదు

తూంకుంటలో ఒక అపార్ట్‌మెంటు మెట్ల మీద పాల క్యాను పక్కన పెట్టి కూలబడిన రోజు నాకు మొదటిసారి భయమేసింది. గుండె దడదడలాడుతోంది, ఊపిరి అందడం లేదు. శామీర్‌పేటలో మాకు రెండు బర్రెలున్నాయి. పెళ్లయినప్పటి నుంచి కాలనీల్లో పాలు పోసేది నేనే. మెట్లు నాకు కొత్త కాదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆడబిడ్డ బాలమణి నవ్వింది. "గ్యాసే అది. సోడా తాగు, దిగుతది." మా ఆయనకు అక్క ఆమె. పక్కిల్లే. మంచం కింద బిస్కెట్ల డబ్బా నిండా మందు గోలీలు దాచుకుంటుంది, ఎవరికో రాసినవి, ఎవరికో మిగిలినవి. వాడకట్టులో సగం మందికి ఆమే డాక్టరు. నేనూ ఆ గోలీలే మింగుతూ నెలలు గడిపాను. కాళ్లు వాచి, పడుకుంటే ఊపిరాడని స్థితి వచ్చాక గానీ మా ఆయన నన్ను మేడ్చల్‌లో డాక్టరుకు చూపించలేదు. ఆ డాక్టరు పట్నంలోని పెద్దాసుపత్రికి పంపాడు.

అక్కడ ఈసీజీ, టూడీ ఎకో తీశారు. "చిన్నప్పుడు కీళ్ల వాపులతో జ్వరం వచ్చిందా?" అని డాక్టరమ్మ అడిగింది. వచ్చింది. "గుండెలోని మైట్రల్ వాల్వ్ అప్పుడే దెబ్బతింది. మెటల్ వాల్వ్ వేయాలి. రక్తం పలచబడే మాత్ర జీవితాంతం వాడాలి, రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్ఆర్ టెస్టు మానకూడదు" అంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. తర్వాత ఊపిరితిత్తులకు ఇన్ఫెక్షన్ వస్తే పెద్ద యాంటీబయాటిక్స్ ఎక్కించారు. డిశ్చార్జి నాడు డాక్టరమ్మ బాలమణికి జాగ్రత్తలు చెప్పింది. "జలుబు చేసి దగ్గొస్తే కుట్లు లాగుతాయి. కొన్నాళ్లు చల్లవి ఇవ్వకండమ్మా."

మా వైపు మజ్జిగను సల్ల అంటాం. ఆమె చెవికి ఆ ఒక్క ముక్కే వినబడింది.

ఇంటికొచ్చిన వారంలో మోషన్స్ పట్టుకున్నాయి. కడుపులో మెలిపెట్టే నొప్పి, పక్క దిగనీయని నీరసం. రెండు బర్రెల ఇంట్లో నాకు మాత్రం గంజి, చారు.

"నోరు ఎండుకపోతాంది వదినె, జరంత సల్ల పొయ్యి" అని బతిమాలాను.

"సావాలని ఉన్నదా ఏంది? సల్ల ఇయ్యొద్దని డాక్టరమ్మ చెప్పింది. నా చెవులార విన్న!"

అంటూనే నా ముందే చెంబెడు తాగి మూతి తుడుచుకుంది. ఆ చెంబు నేను మరిచిపోను.

మోషన్స్ తగ్గకపోతే డబ్బాలోంచి గోలీలు తెచ్చింది. "మా ఆయనకు గివే జల్దీ పని జేసినయి, మింగు." మింగాను. తర్వాత చిగుళ్ల నుంచి రక్తం ఆగలేదు. చేతుల మీద ఊదారంగు మచ్చలు లేచాయి. మోషన్ నల్లగా రావడం చూసి మా ఆయన ఏడుస్తూ ఆటో పిలిచాడు.

రిపోర్టు చూసి డాక్టరమ్మ లేచి నిలబడింది. "ఐఎన్ఆర్ ఇంత పెరిగిందేంటి? ఏం మింగావు?"

బాలమణి కొంగులోంచి గోలీల అట్ట తీసింది. అదీ ఒక యాంటీబయాటికేనట. రక్తం పలచబడే మాత్రతో కలిస్తే దాని బలాన్ని విపరీతంగా పెంచేస్తుందట. స్టూల్ టెస్టులో చెడ్డ బ్యాక్టీరియా కూడా కనిపించింది. డాక్టరమ్మ నాకు అర్థమయ్యేలా చెప్పింది. "పేగుల్లో మంచి బ్యాక్టీరియా ఉంటుంది. ఆపరేషన్, యాంటీబయాటిక్స్ వల్ల అది దెబ్బతిని చెడ్డది పెరిగింది. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన విటమిన్ కె కొంత ఆ మంచిదే తయారుచేస్తుంది. అందుకే గుండె ఆపరేషన్ అయినవాళ్లు కడుపునూ కనిపెట్టుకోవాలి. పెరుగు, మజ్జిగ తీసుకుంటున్నావా?"

"మీరే సల్ల వద్దంటిరి గద మేడం" అంది బాలమణి.

"నేనా? చల్లవి అన్నాను. ఫ్రిజ్ నీళ్లు, ఐస్‌క్రీములు! మజ్జిగ ఈ జబ్బుకు మందని చెప్పను గానీ, ఆపమని ఎందుకంటాను?"

బాలమణి గోడ వైపు చూసింది. "సల్ల అంటే సల్లనే గద" అని గొణిగింది. అంతే. తప్పయిందన్న మాట ఇప్పటికీ ఆ నోట రాలేదు.

రక్తం ఎక్కించారు, సరైన మందులిచ్చారు, బతికాను. ఇప్పుడు లిఫ్టున్న ఇళ్లకే పాలు పోస్తున్నాను. ఇల్లు సద్దుమణిగితే ఛాతీలో వాల్వ్ టిక్కుటిక్కుమని నాకే వినబడుతుంది. నడవగలిగిన మొదటి రోజే పక్కింటికి వెళ్లి, ఆ డబ్బాను ఆమె కళ్ల ముందే మరుగుదొడ్డిలో గుమ్మరించాను. శాపనార్థాలు పెట్టింది. పెట్టనీ! రోజూ మధ్యాహ్నం ఆమె గడప మీద కూర్చుని చెంబెడు సల్ల తాగి మూతి తుడుచుకుంటాను. క్షమించెయ్యమని మా ఆయన అంటాడు. నా వల్ల కాదు. ఆమె మీద కోపం నా గుండెలో ఆ వాల్వ్ పక్కనే ఉంది.

వాల్వ్ మార్పించుకున్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మోషన్స్ పట్టుకున్నా, ఎవరు ఏ గోలీ ఇచ్చినా, ముందు మీ డాక్టరుకు ఫోన్ చేసి ఐఎన్ఆర్ చూపించుకోండి.

బాలమణికి చదువు రాదు. ఇది అచ్చయిన రోజు వాడకట్టు ఆడవాళ్లందరినీ పిలిచి, నడుమ ఆమెను కూర్చోబెట్టి, నేనే చదివి వినిపిస్తాను. ఒక్క మాట కూడా తప్పు వినబడకుండా, గట్టిగా.