జెండా బీబీసోరా

మా ఊళ్లో బీబీసోరాతో మాట పడని మనిషి లేడు. రొట్టెల పొయ్యి దగ్గర ఎవరైనా వరస తప్పినా, కాలువ నీళ్లు తన పెరటికి కాస్త ఆలస్యంగా వచ్చినా ఆమె నోరు లేచేది. ఆ నోటికి చిక్కినవాళ్లు తేరుకోవడానికి వారం పట్టేది. నాకు ఆమె దూరపు పెద్దమ్మ వరస. పైగా నేను ఊరి ఆసుపత్రిలో నర్సుని కాబట్టి తిట్లలో నా వాటా ఎప్పుడూ ఎక్కువే. డెబ్బై దగ్గర పడ్డాక ఆమె కుడిచెయ్యి వణకడం మొదలైంది. తర్వాత నడుస్తూ నడుస్తూ కాళ్లు నేలకు అతుక్కుపోయేవి. నోరు మాత్రం చెక్కుచెదరలేదు.

పదహారో ఏట ఆమెను పత్తిచేలో జెండాకు పెట్టారు. మా సుర్ఖాన్ లోయలో ఆ రోజుల్లో పత్తి తీతకు ముందు ఆకు రాలడానికి విమానంతో మందు చల్లేవాళ్లు. ఎక్కడ చల్లాలో పైనున్న విమానంవాడికి తెలియాలి కదా, అందుకని చేను రెండు చివర్లా ఒక్కో ఆడపిల్ల ఎర్రగుడ్డ కట్టిన కర్ర పట్టుకుని నిలబడేది. విమానం నెత్తిమీదుగా పోయాక కొన్ని అడుగులు పక్కకు జరిగి మళ్లీ నిలబడాలి. ఆ మందుది కుళ్లిన ఉల్లిపాయల కంపు. తలగుడ్డ తడిసి ముద్దయ్యేది. ప్రతి సెప్టెంబరులోనూ అదే పని, పదిహేడేళ్లు.

పోయినేడు రాజధాని నుంచి అజమత్ అనే డాక్టరు ఇస్త్రీ మడత నలగని కోటుతో దిగాడు. ఈ వణుకు జబ్బు, అదే పార్కిన్సన్స్, పొలం మందుల వల్ల వస్తుందా అని పరిశోధన. ఎక్కడో విదేశీ సంస్థ ఏడాదికి డబ్బిచ్చిందట. సంబంధం కనబడితే ఇంకో నాలుగేళ్లకు ఇస్తారు. లేకపోతే అంతటితో సరి. బీబీసోరా ప్రాణమంతా దాని మీదే పెట్టుకుంది. ఇది ముసలితనమేలే అని జిల్లా డాక్టరు కొట్టిపారేసినప్పటి నుంచీ ఆమెకు ఒకటే పంతం.

"నా చెయ్యి ఎందుకిట్లా ఆడుతుందో కాయితం మీద రాయించుకుని గానీ చావను" అనేది.

ఆ కాయితాలు నింపే చాకిరీ నా నెత్తిన పడింది. జీతం పెంచకుండా పని పెంచడంలో మా ఆసుపత్రివాళ్లను మించినవాళ్లు లేరు. నేను విసుగ్గానే ఆమె ఇంటికి వెళ్లాను.

"తొమ్మిదో ప్రశ్న. మీరు స్వయంగా పురుగు మందు గానీ, ఆకు రాల్చే మందు గానీ కొట్టారా?"

"నేనెక్కడ కొట్టానే? కొట్టింది విమానంవాడు."

"అవునా కాదా, అది చెప్పు పెద్దమ్మా. ఇంకా పదకొండిళ్లు తిరగాలి."

"కాదు. రాసుకుని తగలడు."

కాదు అని టిక్కు పెట్టి లేచాను.

ఫిబ్రవరిలో డాక్టరు మళ్లీ వచ్చి ఊరి క్లబ్బు హాల్లో అందరినీ కూర్చోబెట్టాడు.

"మందు కొట్టినవాళ్లలోనూ, మందు తగలనివాళ్లలోనూ ఈ జబ్బు ఒకేలా ఉంది. సంబంధం కనబడలేదు. శుక్రవారం డబ్బిచ్చేవాళ్ల కమిటీ కూర్చుంటుంది. డబ్బు రాదనే అనుకోండి."

బీబీసోరా బల్ల పట్టుకుని లేచింది. "నన్నెందులో వేశావు బాబూ?"

అతను జాబితా చూశాడు. "మీరు మందు తగలనివాళ్లలో ఉన్నారమ్మా."

వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు.

"తగలనిదాన్నా? పదిహేడేళ్లు నా నెత్తిన పోశారు. అప్పుడూ ఇదే మాట. విషానికి విరుగుడని విమానంవాడికి రోజూ అర లీటరు పాలిచ్చేవాళ్లు. మాకేవీ అంటే, మీరు మందు కొట్టట్లేదుగా, కర్ర పట్టుకోవడమేగా అన్నారు. నువ్వు వాళ్ల మనవడివా?"

డాక్టరు కలం తీశాడు. జెండా పట్టినవాళ్లు ఎంతమంది అని అడిగాడు. బతికున్నవాళ్లు తొమ్మిదిమంది, అందులో ఆరుగురికి వణుకు. తొమ్మిదిమందీ అతని జాబితాలో మందు తగలనివాళ్లే.

"ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వడిగావా?"

అతను చాలాసేపు కాయితాలు తిరగేశాడు. "ఫలితం తెలిశాక జవాబులు మారిస్తే దాన్ని మోసం అంటారు. నేను దిద్దలేను" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఈ ప్రశ్న రాసిన మహానుభావుడు జన్మలో పత్తిచేను చూశాడా? ఊళ్లోవాళ్లని ఒక్కరిని అడిగినా చెప్పేవాళ్లంగా" అన్నాను. జనం తలలూపారు. బాగా అడిగానని నాకూ అనిపించింది.

బీబీసోరా మెల్లగా నావైపు తిరిగింది. "ఊళ్లోవాళ్లనే అడిగారు. నిన్నే. కాయితం రాసింది నువ్వు."

"నాకేం తెలుసు పెద్దమ్మా..."

"తెలీదా? చేను ఈ చివర నేను. ఆ చివర జెండా పట్టుకున్నదెవరే? మీ అమ్మ. చెంచా నోటిదాకా పోక అది అల్లాడుతుంటే రెండేళ్లు తినిపించింది నువ్వు కాదూ?"

ఎర్రగుడ్డ కర్ర మా ఇంటి వసారాలో ఉండేది, దానితో ఆడుకుంటే అమ్మ నా చేతులు కడిగించేది. అన్నీ తెలుసు నాకు. తెలిసే, పదకొండిళ్ల తొందరలో కాదు అని టిక్కు పెట్టాను. అమ్మ చనిపోయింది కాబట్టి ఆమె పేరున కాయితమే లేదు. ఉన్నా ఆమెకూ అదే పెట్టేదాన్నేమో.

శుక్రవారం డబ్బు ఆపేశారు. అజమత్ మళ్లీ మా ఊరి ముఖం చూడలేదు.

ప్రతి సోమవారం బీబీసోరాకు మాత్రలు తీసుకెళ్తాను. ఆమె నన్ను గడప తొక్కనివ్వదు. "అరుగు మీద పెట్టి పో" అంటుంది లోపల్నుంచే. పెట్టి, సందు అవతల నిలబడతాను. ఆమె గోడ పట్టుకుంటూ అరుగుదాకా రావడానికి చాలాసేపు పడుతుంది. వెళ్లి చెయ్యి అందిద్దామంటే నాకు ముఖం చెల్లదు.