అడ్డుతెర అవతల గాజుల చప్పుడు

నా పెండ్లిల నేను చేసిన ఘనకార్యం మా గల్లీల అడిగితే పోరగాళ్లు సుత చెప్తరు. మీరు నా నోటితోనే వినుండ్రి. నవ్వితే నవ్వుండ్రి గానీ, మా అత్తమ్మ ముందర మాత్రం నవ్వకుండ్రి.

పెండ్లిచూపులల్ల సరితను చూసినప్పటి సంది మొఘల్‌పురాల నడుస్తున్నా నా కాళ్లు నేల మీద లేవు. ఆమె కోసం లాడ్ బజార్‌కు పోయి లక్క గాజులు కొన్న.

"సైజ్ ఏంది భాయ్?" అన్నడు దుకాణమాయన.

గాజుల మెరుపుల సరిత ముఖమే కనబడుతుంది నాకు. "మస్తుగున్నయ్" అన్న.

"దుల్హే మియా, హోష్ మే ఆవో!" అని, సోయిలకు రమ్మని నవ్వి, చేతికందినయి కట్టిచ్చిండు. అవే సరితకు పంపిన.

ఛత్రినాకల ఫంక్షన్ హాలు. నాకూ సరితకూ నడుమ అడ్డుతెర. జీలకర్ర బెల్లం పెట్టేదాక ముఖాలు చూసుకోవద్దు గదా! తెర మీద దీపాల వెలుగు, మల్లెల వాసన. ఇంతల అవతల గలగలమని నా గాజులు! ఇగ నేను ఈ లోకంల లేను. సరితా నేనూ చార్మినార్ మీది మబ్బులల్ల చేతులు పట్టుకొని తిరుగుతున్నం.

"ముహూర్తం! పెట్టు నాయనా!" అని అయ్యగారు అరిచిండు.

ఉలిక్కిపడి, గాజులు మోగినదిక్కు చెయ్యి చాపి, నెత్తి మీద గట్టిగ అద్దిన.

"అయ్యో అల్లుడా! నేను!"

తెర జారింది. అత్తమ్మ! బిడ్డ బాసింగం సరిచేద్దామని వంగిందట. బెల్లమంతా ఆమె పాపిట్ల ఉన్నది.

మా బాపు తల పట్టుకున్నడు. "ఎవర్ని చేసుకుంటున్నవురా?"

"గామెకు ఎన్నడో అయిపోయింది అల్లుడా, నాతోని" అన్నడు మామ.

హాలంత ఒకటే నవ్వు. నేను అయ్యగారి దిక్కు తిరిగిన. "అయ్యగారూ, గిప్పుడెట్ల?"

"ఘడియ దాటిపోతున్నది! వేరే బెల్లం తెండ్రి!"

ఎవరూ కదలకముందే మళ్ల ఎత్తిన తెర కింద నుంచి ఒక చెయ్యి వచ్చింది. దానికి నా గాజులు లేవు. అరచేతిల సగం జీలకర్ర బెల్లం ఉన్నది.

"నా దాంట్లకెళ్లి తీసుకోండ్రి" అన్నది సరిత మెల్లగ. "నేను గిక్కడున్న."

గా మాట యాదికొస్తే ఇప్పటికీ నాకు కండ్లల్ల నీళ్లు తిరుగుతయి. తెర తీసినంక అడిగిన, "గాజులేవి?"

"నా చేతికి నిలుస్తలేవు. అమ్మకు సరిగ్గ పట్టినయి."

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అంటరు పెద్దలు. నేనైతే, పెండ్లి చేసుకునేటప్పుడు ముందు చూడు అంట! గందుకే ఒట్టేసి చెప్తున్న: సైజు అడగకుంట గాజులు కొన, చూడకుంట ఎవరి నెత్తి మీదా చెయ్యి పెట్ట. ఈ ఒట్టు సుత నా నెత్తి మీదనే చెయ్యి పెట్టుకొని వేసిన.

అయినా సరే, నేను చెయ్యి లేపితే చాలు, అత్తమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుంటది.