కెమెరా ఆపితే మాట ఆగిపోతాది

లైనక్స్ వాడే మొగోణ్ణి ఇంట్లో పెట్టుకునేదానికంటే ఎలుకల్ని పెట్టుకునేది మేలంటాది మా అమ్మ. ఎలుకలైతే గమ్మున కొరుక్కుంటాయి, వీడు కొరుకుతా ఉపన్యాసం చెప్తాడని ఆమె బాధ. నేను ఆ జాతే. తిరుపతిలో కంప్యూటర్ పని చేసుకుంటా, విండోసుకు బదులు ఊరికే దొరికే ఆ లైనక్స్ నడుపుకుంటా, డబ్బు పోసి సాఫ్ట్‌వేర్ కొనేవాళ్ళందరినీ జాలిగా చూస్తా బతికినోణ్ణి. ఆఫీసులో ఎవడి లాప్‌టాప్ మొరాయించినా పక్కన చేరి "నాదైతే ఇట్ల కాదప్పా" అని చెప్పేది నాకు పరమానందం. ఆ గొప్పకు తగ్గట్టు గడ్డమూ మీసమూ పెంచినాను. అన్నం పెట్టాలంటే నోరు యాడుందో వెతుక్కోవాల. మా నాయన నన్ను చూసినప్పుడల్లా ఒకటే మాట, "గీసుకోరా, ఆ మూతి కనపడేట్టు చేసుకో" అని. ఆయన వయసు మొగోళ్ళందరూ కొడుకుల్ని అట్లనే తిడతారు కదా, నేను పట్టించుకోలా.

మాది నగరి. ఇంటి ముందర హాల్లో నాలుగు మరమగ్గాలు ఉండాయి. కుడిపక్కింట్లో ఉండాయి, ఎడమపక్కింట్లో ఉండాయి, ఎదురింట్లోనూ ఉండాయి. తెల్లారి మొదలైతే పొద్దు గూకేదాకా దడదడదడ. మా వీధిలో ఎవరూ మాట్లాడరు, అరుస్తారు. అరిచినా పని జరగనప్పుడు పెదాలు ఆడిస్తారు. ఆ చివర మగ్గం కాడ నుంచి ఈ చివరకు "నూలు కండె అయిపోయింది", "కాఫీకి రా", "పలానావాడి పెండ్లాం అలిగి పుట్టింటికి పోయింది" అని గొంతు విప్పకుండానే చెప్పేసుకుంటారు. చిన్నప్పుడు నాకూ ఈ విద్య వచ్చేది. బడి పరీక్షల్లో దీంతోనే గట్టెక్కినాను. ఉద్యోగం వచ్చినాక అంతా మర్చిపోయినాను.

నాలుగు మగ్గాల్లో రెండు కొన్నాళ్ళుగా ఉత్తగా నిలబడి ఉండినాయి. నేసినా కొనేవాడు లేడు. పాత ఇనుము కొనేటాయన రెండు తూర్లు వచ్చినాడు. పెండ్లిచూపులకు వచ్చినట్టు మగ్గాల చుట్టూ తిరిగి, వాటిని తట్టి చూసి పోయినాడు. నాయన ఆయనకు కాఫీ కూడా ఇయ్యనీలా. అమ్మేద్దామని అనింది మాత్రం నేనే. "ఈ వయసులో నీకెందుకు నాయనా ఈ చప్పుడు" అన్నాను, ఎంతో ప్రేమగా. ఆయన లేచిపోయి మగ్గం చట్రం మీద అరచెయ్యి ఆనించి నిలబడినాడు. నడిచే మగ్గం మీద ఎప్పుడూ చెయ్యి వేసుకొని తిరగడం ఆయనకు అలవాటు. మా అమ్మ చెయ్యి కూడా ఏనాడూ అంత ముద్దుగా పట్టుకోలేదని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

అట్లాంటప్పుడు, ఒక ఆదివారం నేను ఇంట్లో ఉండంగా, మద్రాసు నుంచి ఒక బట్టలకొట్టు మేడం నాకు ఫోన్ చేసింది. నాయన ఎప్పుడో నేసిన గళ్ళ లుంగీ ఒకటి ఆమె కంట్లో పడిందంట. అదే కావాల, నాలుగు మగ్గాలకూ తీరిక లేనంత కావాల. కానీ ఒక షరతు. కొడుకుతో కాదు, నేసేవాడితోనే నేరుగా మాట్లాడాల, వీడియోలో, శనివారం పొద్దున పదకొండు గంటలకు. మాట కుదిరితే మగ్గాలు నడుస్తాయి. కుదరకపోతే ఇనుమాయనకు ఫోన్ చేస్తానని నేను చెప్పినాను. నాయన నా మొగం వైపు చూసి "సరే" అన్నాడు.

బుధవారం బస్సు దిగి, లాప్‌టాపూ కొత్తగా కొన్న వైర్‌లెస్ హెడ్‌సెట్టూ ఎత్తుకొని ఇంటికి పోయినాను. "ఫోన్లో మాట్లాడితే చాలదా అబ్బోడా?" అనింది అమ్మ. అరగంట సేపు జవాబు చెప్పినాను. గుడ్డ చూపించాలంటే పెద్ద తెర కావాలని, ఈ మగ్గాల మోతలో స్పీకర్ పనికిరాదని, హెడ్‌సెట్టయితే చప్పుడు ఆపి మాటొకటే చెవిలో వేస్తాదని. "ఓహో" అనింది. మా అమ్మ ఓహో అంటే నమ్మలేదని అర్థం. ఆమెను నమ్మించడానికి హెడ్‌సెట్టును ముందు ఆమె ఫోనుకు కలిపి సీరియల్ వినిపించినాను. అదే నేను చేసిన మొదటి తప్పు.

తర్వాత లాప్‌టాప్ ముందర కూర్చుంటే, దాని కంటికి హెడ్‌సెట్టే ఆనలా. నల్ల తెర తెరిచి వరసగా ఆదేశాలు కొట్టినాను. చూస్తే లాప్‌టాపే లోపల్నుంచి బ్లూటూత్‌కు గడియ పెట్టుకోనుండాది. గడియ తీసినాను. హెడ్‌సెట్టు కనపడింది, కలిసింది, మరు నిమిషంలో తెగిపోయింది. మళ్ళీ కలిపితే మళ్ళీ తెగింది. మద్దేనం దాకా తల బాదుకున్నాక తెలిసింది, అది సీరియల్ రుచి మరిగి వంటింట్లో ఉండే అమ్మ ఫోనుకు పోయి అతుక్కుంటా ఉండాదని. ఆ సంబంధం తెంపినాను. అంతలో ఇంకో చిక్కు. పాట వింటే బ్రహ్మాండంగా ఉండాది, మైకు తెరిచినామంటే సత్తుబిందెలో తల పెట్టి మాట్లాడినట్టు. లైనక్స్‌లో ఇది పాత రోగమే. దానికీ మందు వేసినాను. సాయంత్రానికి అంతా కుదిరింది. "చూసినావా, ఇదే వేరేవాళ్ళ లాప్‌టాప్ అయింటే కొట్టుకు ఎత్తుకపోయి క్యూలో నిలబడేవాళ్ళు" అన్నాను. "క్యూ అయినా ఈపాటికి అయిపోయుండు" అనింది అమ్మ.

గురువారం పరీక్ష పెట్టినాను. నాయనను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, తలపాగా తీయించి, హెడ్‌సెట్టు తగిలించి, నా ఫోన్ ఎత్తుకొని పెరట్లో బట్టలుతికే బండ కాడికి పోయినాను. అక్కణ్ణుంచి పిలిచినాను.

"ఇనపడతా ఉండాదా నాయనా?"

జవాబు లేదు. లోపలికి పరిగెత్తినాను. "ఏమన్నా ఇనపడిందా?"

"ఏం ఇనపడలా. చెడిపోయినట్టుండాది" అన్నాడు, రిపేరుకొట్టు పెట్టుకున్నంత ధీమాగా.

నా చెవికి పెట్టుకొని పాట వేసినాను. పాట దివ్యంగా ఉండాది. మళ్ళీ ఆయన చెవికి పెట్టి, ఈ తూరి వీడియో వేసి పిలిచినాను. నేను చెప్పిందాంట్లో సగానికి జవాబిచ్చినాడు, సగానికి "ఆఁ?" అన్నాడు. తర్వాత అమ్మను ఆమె ఫోన్లోనుంచి పిలిచి మాట్లాడమన్నాను. పొల్లు పోకుండా అన్నిటికీ జవాబిచ్చినాడు. ఏం కూర చేసేదని అమ్మ అడిగితే వంకాయ వొద్దని కూడా చెప్పినాడు. కెమెరా ఆపమన్నాను. మాట పోయింది. మళ్ళీ వేయమన్నాను. మాట వచ్చింది.

అబ్బో, అప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను! ఊరికే చెడిపోతే అది మామూలు రోగం. కెమెరా ఆపినప్పుడే మాట పోతాదంటే, అది లోకంలో ఇంకెవడూ కనిపెట్టని రోగం. గళ్ళు గీసి నోటుపుస్తకంలో రాసుకున్నాను. అమ్మ, కెమెరాతో, నూటికి నూరు. నేను, కెమెరాతో, సగం. ఎవరైనా, కెమెరా లేకుండా, సున్న. కారణం కూడా నేనే కనిపెట్టినాను. లోపల కెమెరాకూ బ్లూటూత్‌కూ ఒకే దారి. కరెంటు మిగల్చడానికని కెమెరాను నిద్రపుచ్చినప్పుడు పక్కనున్న బ్లూటూత్‌నూ కలిపి నిద్రపుచ్చేస్తా ఉండాది. నాకు సగమే ఎందుకు వస్తాదంటే, నా ఫోన్ పాతది. అన్నీ ఎంత చక్కగా సరిపోయినాయో! ఆ నిద్ర పోగొట్టడానికి నాకు తెలిసిన ఆదేశాలన్నీ కొట్టినాను. చివరికి లైనక్స్ మొత్తం తుడిచిపెట్టి కొత్తగా ఎక్కించినాను. ఫలితం అదే సున్న.

మధ్యలో నాయన మీద నోరు కూడా చేసుకున్నాను. "సరిగా పెట్టుకో", "బుర్ర కదిలించొద్దు", "చెప్పేది మనసు పెట్టి వినవేం నువ్వు!" ఆయనేమో పరీక్షకీ పరీక్షకీ నడుమ లేచిపోయి మగ్గం మీద చెయ్యి ఆనించి, పోగు తెగిన చోట సరిగ్గా ఆపి, ముడి వేసి వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చునేవాడు.

ఆ సాయంత్రం నెట్‌లో లైనక్స్ వాళ్ళ చర్చావేదికలో ఎక్కించినాను నేను కనిపెట్టిన రోగాన్ని. దానికి పెట్టిన పేరు, మన భాషలో చెప్పాలంటే, "కెమెరా ఆపితే మాట ఆగిపోతాది". నోటుపుస్తకంలో గళ్ళు కూడా ఫోటో తీసి పెట్టినాను. ఆ వేదికలో ఉండేవాళ్ళు నాకు అన్నదమ్ములే, గడ్డంతో సహా. ఒకాయన "నాకు బాగానే పనిచేస్తా ఉండాది" అన్నాడు. నాకు తలనొప్పి అంటే నాకు లేదే అన్నట్టు! ఇంకొకాయన నేను వాడే లైనక్స్ రకమే తప్పన్నాడు. ఆ మాటకు ఇంకో ఇద్దరు కొట్లాడుకున్నారు. నా హెడ్‌సెట్టు సంగతి అందరూ మర్చిపోయినారు.

శుక్రవారం పొద్దున ఎవరో ఒకాయన రెండే రెండు వాక్యాలు రాసినాడు. "వినేది ఎప్పుడూ ఒక్కరేనా? ఆ చెవుల్ని మార్చి చూసినారా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు నేను రోజూ చెప్పేది ఇదే, ఒక్కొక్క వస్తువూ మార్చి చూడండి అని. నాకే చెప్తాడా? వాని నోరు మూయించాలని ఆ నిమిషమే మొదలుపెట్టినాను. ఫోన్ అమ్మకిచ్చి, కెమెరా ఆపి, పెరట్లోకి పంపినాను. నాయన తల మీద హెడ్‌సెట్టు పెట్టినాను. కాసేపయింది. "ఇనపడతా ఉండాదా?" అని చేత్తో సైగ చేసినాను. ఆయన తల అడ్డంగా ఆడించినాడు. హెడ్‌సెట్టు ఊడబెరికి నా చెవులకు పెట్టుకున్నాను.

"...ఎంతసేపని నిలబెడతారు నన్ను ఈ ఎండలో? ఉప్మా చల్లారిపోయింది. తండ్రీకొడుకులు ఇద్దరూ ఇద్దరే!" అమ్మ గొంతు గంట కొట్టినట్టు పలకతా ఉండాది.

నాయన వైపు చూసినాను. ఆయన నా వైపు చూడలా. మగ్గాల వైపు చూస్తా ఉండాడు.

అమ్మ వచ్చింది, నా మొగం చూడగానే అర్థమైపోయింది ఆమెకు. "ఎన్నాళ్ళుగా?" అని నేను అడిగితే, "నువ్వు ఇంటర్లో ఉన్నప్పుడు ఎడమ చెవి పోయింది, నీకు ఉద్యోగం వచ్చేలోగా కుడిది" అనింది, ఇంట్లో పప్పు అయిపోయిందని చెప్పినట్టు. వీధిలో ఎవరూ కనిపెట్టలా. అందరూ పెదాలే చూసుకునే చోట చెవుల లెక్క ఎవడడగతాడు?

"నాకెందుకు చెప్పలేదు నాయనా?" అని అడిగినాను. ఆయనకు అందలా. అమ్మ ఆయన వైపు తిరిగి మళ్ళీ చెప్పింది.

"చెప్తే ఏం చేస్తావు? మగ్గాల కాడికి పోవద్దంటావు. చెవులు అవే చెడగొట్టినాయని ఆ ఇనుమోణ్ణి పిలుస్తావు" అన్నాడు. "నాకు చెయ్యి పెడితే తెలస్తాది ఏ మగ్గంలో పోగు తెగిందో. ఆ యమ్మ మొగం వీడియోలో కనపడతాది కదా, నెట్టుకొద్దాంలే అనుకున్నా."

సిగ్గేసింది. అంతకంటే ముందు కోపం వచ్చింది, ఎవరి మీదనో తెలీలా. తిరుపతి నుంచి వారం వారం ఫోన్ చేసేవాణ్ణి. నాయన ఎత్తితే "ఆఁ, బాగుండావా, అమ్మకిస్తా" అనేవాడు, అంతే. ఉద్యోగంలో ప్రమోషన్ ఇచ్చినారని చెప్పినా అంతే. జరం వచ్చి పడుకున్నానని చెప్పినా "ఆఁ, బాగుండావా, అమ్మకిస్తా". మగ్గం వదిలిపెట్టి పోయినానని ఆయనకు నా మీద కసి అనుకున్నాను. మా నాయన రాయప్పా, రాయి, అని స్నేహితుల కాడ చెప్పి వాళ్ళ జాలి కూడా సంపాదించుకున్నాను. కెమెరా లేకుండా, ఎవరైనా, సున్న. నా చేత్తోనే రాసి పెట్టుకోనుండా నోటుపుస్తకంలో. పక్కన నాకు వచ్చిన సగం మార్కులు. పాత ఫోన్ కాదు, పాడు మీసం.

ఆర్డరు ఏమయిందని మీకు ఆత్రంగా ఉంటాది, చెప్పేస్తా. వచ్చింది. మేడం కారులో పోతా మాట్లాడింది, నెట్ బాగలేదని కెమెరా ఆపేసి. నాయన నమ్ముకున్న మొగం కనపడనే లేదు. హెడ్‌సెట్టు నేను పెట్టుకొని లాప్‌టాప్ వెనక, నాయనకు ఎదురుగా కూర్చున్నాను. ఆమె మాట నా చెవిలో పడింది పడినట్టే పెదాల మీదికి తెచ్చినాను, గొంతు లేకుండా. ఆయన లాప్‌టాప్ మైకులోకి జవాబు చెప్పినాడు, వీధంతా వినపడేట్టు. పడుగు గురించి, గళ్ళ గురించి, రంగు దిగడం గురించి ఆమె ఎట్ల తిప్పి అడిగినా తొణకలా. "పెద్దాయన గొంతు భలే ఉండాదే" అనింది ఆమె. ఇప్పుడు నాలుగు మగ్గాలూ నడస్తా ఉండాయి. ఇనుమాయన ఎదురింటికి పోయి తిరగతా ఉండాడు.

దానికి ముందు, శనివారం పది గంటలప్పుడు, పెరట్లో అద్దం తగిలించుకొని మొత్తం గీసేసినాను. గడ్డమూ, మీసమూ, ఒక్క వెంట్రుక లేకుండా. అమ్మ చూసి నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. పోయి నాయన ఎదురుగా కూర్చున్నాను. రెండు పక్కల ఇండ్ల మగ్గాలూ ఆడతా ఉండాయి. చిన్నప్పటి విద్య వస్తాదో రాదో అని భయపడతానే, గొంతు పెగలకుండా పెదాలు ఆడించినాను.

ఇనపడతా ఉండాదా నాయనా?

ఆయన నా మూతి వైపు శానా సేపు చూసినాడు.

"ఆఁ, బాగా" అన్నాడు. "మూడు దినాలుగా నువ్వు అడగతా ఉండింది ఇదేనా?"