ఒక చొక్కా, ఆరుగురు ఆడవాళ్లు

"మాస్టరు పోయినాడు మే" అని పుంగనూరు నుంచి, ఒకప్పుడు నాతో పనిచేసిన కాజాల అక్క ఫోన్ చేసింది. కుప్పంలో నా కుట్టు మిషను ముందు కూర్చుని ఉన్నాను. ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. ఏది రావాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

తొంభైల్లో పుంగనూరులో ఆయనకొక టైలరింగ్ గది ఉండేది. కత్తిరింపు ఆయనది, కుట్టు మా ఆరుగురు ఆడవాళ్లది. నాది కాలరు, ఒకరిది చేతులు, ఒకరిది జేబు, గుండీలకు కాజాలు తీసేది అక్క. ఏ చొక్కానూ ఒక్కరే మొత్తం కుట్టకూడదు. సోమల నుంచి వచ్చిన రైతు ఒకాయన "ఒక్క చొక్కాకు ఇంతమందా? మదనపల్లెలో ఒక్క పూటలో ఇచ్చేస్తారు" అని ఎగతాళి చేశాడు. మాస్టరు నవ్వి "చొక్కా ఒకటైనా ఆరుమందికీ పనుండాలప్పా" అన్నాడు. ఆ మాట మీదే మా ఆరిళ్లలో పొయ్యి వెలిగింది. అది కాదనను.

కానీ కత్తిరింపు నేర్పమని నేనెంత బతిమాలానో! "నీకు నేర్పితే రేపు ఎదురంగట్లో బోర్డు పెడతావు. అప్పుడు వీళ్లు యాడికి పోవాలమ్మా?" అనేవాడు. అది వాళ్ల మీద ప్రేమా, నేను పోటీకొస్తానన్న భయమా? మీరైతే ఏమనుకునేవారో.

పెళ్లయి కుప్పం వచ్చాక తెలిసింది, తొమ్మిదేళ్లు కుట్టినా నాకు ఒక చొక్కా మొత్తంగా కుట్టడం రాదని. పక్కింటావిడ జాకెట్టు గుడ్డ పాడుచేసి తిట్లు తిన్నాను. అలా పాడుచేస్తూనే కత్తిరింపు నేర్చుకున్నాను. ఒకసారి ఏదో పెళ్లికని మాస్టరు కుప్పం వచ్చి, మా ఇంటికీ వచ్చాడు. "నాకెందుకు నేర్పలేదు మాస్టరూ?" అని మొహం మీదే అడిగేశాను. ఆయన నా మిషను చక్రం తిప్పి చూసి "నూనె ఎయ్యమ్మా" అన్నాడు.

పదకొండో రోజుకు పుంగనూరు పోయాను. భోజనాలయ్యాక మిగిలిన ఐదుగురూ నన్ను గదికి తీసుకుపోయారు. బల్ల మీద జనం ఇచ్చిపోయిన గుడ్డలున్నాయి, ఒక్కటీ కత్తిరించలేదు.

"నీకొచ్చు గదా మే. రెండు దినాలుండి మాలో ఒకరికి నేర్పిపో. లేకుంటే గదికి బీగమెయ్యాల్సిందే" అంది అక్క.

ఆ ఒక్కరూ రేపు వేరే అంగడి పెడితే? అందరికీ నేర్పితే, అందరూ విడిపోతే? ఆయన మాటే నా నోటిదాకా వచ్చింది. నామీద నాకే చిరాకేసింది. కత్తెర తీసుకుని "ఎవరు నేర్చుకుంటారు?" అని అడిగాను.

ఐదుగురి చేతులూ ఒళ్లోంచి కొద్దిగా పైకి లేచాయి.