బాటకు ఎండుమండ అడ్డం వేసిన అన్న

మా వాచరన్న పోయాడన్న కబురు, నేను సైకిలుకు గాలి కొడుతుండగా వచ్చింది. పక్కింటాయన గోడ మీదుగా తొంగి చూసి, "అన్నా, అడవి వాచర్ పోయిండట. పొద్దున చాయ తాగి మంచంల ఒరిగిండట, మళ్ల లేవలే" అన్నాడు. నేను ఇంకో నాలుగుసార్లు పంపు కొట్టాను. చేతులకు కబురు ఆలస్యంగా చేరుతుంది.

మందమర్రిలో బొగ్గుబావి దిగి దిగి రిటైరైన నాకు షుగర్ వస్తే, డాక్టరు నడవమన్నాడు. నడక విసుగు. గేర్ల సైకిలు కొన్నాను. దాని సీటు గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను: అది చేసినవాడు మనిషి కూర్చోవడం ఎన్నడూ చూసి ఉండడు. నా భార్య రెండో రోజే దానికి పాత దిండు కట్టింది. ఆ దిండుతోనే, చెన్నూరు వైపు టేకు అడవిలో గుట్ట ఎక్కే మట్టిబాట మీద, మొదటిసారి ఆయన కంటపడ్డాను. అడవి శాఖలో ముప్పై ఏళ్లు కాపలా కాసి దిగిపోయిన మనిషి. నాకన్నా పదేళ్లు పెద్ద. ఆయనదీ సైకిలే, గేర్లు లేనిది.

"దిండు మంచిగుంది. మరి దుప్పటేది తమ్మీ?" అన్నాడు. దోస్తీ అట్లా మొదలైంది.

ఆదివారాలు మేం ఆరుగురం ఆయనతో పోయేవాళ్లం. బాట మొదట్లో దిగి, పిడికెడు మట్టి తీసి నొక్కి చూసేవాడు. "ముద్దయితే ఇంటికి, పొడయితే గుట్టకు." మలుపుకు ముందు బెల్లు కొట్టాలి. కట్టెలమోపుతోనో, ఇప్పపువ్వు గంపతోనో ఎవరైనా ఎదురైతే అందరం దిగి నిలబడాలి. "ఆమె నెత్తి మీద బరువుంది, మన కింద చక్రాలున్నయ్. ఎవలు దిగాలె?" నీటిగుంట వస్తే పక్కనున్న గడ్డి తొక్కుతూ పోనిచ్చేవాడు కాదు. "ఇయ్యాల నువ్వు పక్కకు జరిగితివి, రేపు ఇంకొకడు జరుగుతడు. బాట అడవిని తింటది." ఇప్పటికీ మలుపు దగ్గర నా బొటనవేలు దానంతటదే బెల్లు మీదికి పోతుంది, అవతల ఆయనే దిగి నిలబడి ఉన్నాడేమోనని.

తడి రోజుల్లో బాట మూయడానికి మా దిక్కు ఒక పద్ధతి ఉంది. చీలిక దగ్గర చెట్టుమండ అడ్డం వేసి రాయి పెడతారు, వెనక వచ్చేవాళ్లు ఇటు రావద్దని. పచ్చిమండ విరిచి వేస్తారు. ఆకు ఎండిందంటే హుకుం పాతబడ్డట్టు, ఇక పోవచ్చు.

పోయిన వానకాలం ఒక ఆదివారం నేనొక్కణ్నే పోయాను. చీలిక దగ్గర మండ ఉంది. ఆకులు గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి. పాత హుకుం అనుకుని జరిపి ఎక్కాను. దిగేటప్పుడు వెనక బ్రేకు గట్టిగా పట్టాను. చక్రం జారి బాట పొడుగునా గాడి గీసింది. ఆ పైన వారం వానలు. నీళ్లకు దారి నేనే చూపించాను. వారం తిరిగేసరికి అది మోకాలి లోతు గండి.

ఆయన ఎన్నడూ పచ్చికొమ్మ విరిచేవాడు కాదు. రాలిపడ్డదే ఏరి వేసేవాడు. ఆ ఎండుమండ ఆయన ఆ పొద్దున వేసిందే. నాలుగేళ్లు ఆయనతో తిరిగినవాణ్ని, ఆ సంగతి నాకు గుర్తు రాలేదా, నేనే రానివ్వలేదా, ఇప్పటికీ తెలియదు.

సైకిళ్లతో బాట పాడుకాదని అడవి ఆఫీసరుకు మాటిచ్చింది ఆయనే. ఆఫీసరు వచ్చి గండి చూశాడు. "ఎవలు చేసిండ్రిది?"

మేం ఆరుగురం ఆయన వెనక నిలబడ్డాం.

"నేనే సారు. వయసైంది, బ్రేకు అందలే" అన్నాడు మా అన్న.

"అయితే ఇగ మీ సైకిల్ గుట్ట ఎక్కొద్దు. మిగతోళ్లు పోవచ్చు."

నేను నా సైకిలు వెనక్కి తిప్పుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు ఆయన నా సైకిలు దగ్గర ఆగాడు. "టైరుకు ఎర్రమన్ను మస్తు పట్టింది తమ్మీ. కడుగు" అన్నాడు. మళ్లీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే నేను బతికిపోయేవాణ్ని.

అప్పటినుంచి ఆయన నడిచే గుట్ట ఎక్కి, గండికి అడ్డంగా రాళ్లు పేర్చేవాడు. మిగతా ఐదుగురూ సాయం పోయారు. నేను మోకాళ్ల నొప్పులన్నాను. పాపం, మోకాళ్లకు ఆ సంగతే తెలియదు. దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ అని కౌగిలించుకున్నప్పుడు, ఆయన చెవి నా నోటి పక్కనే ఉంది.

"బరువుగున్నవేంది తమ్మీ?" అన్నాడు.

"షుగర్ అన్నా" అన్నాను.

ఆ గండి ఆయనది కాదు, నాది. ఇది ఆఫీసరు చదివితే చదవనీ.

ఆయన దినాలు ముగిసిన మర్నాడు ఒక్కణ్నే నడిచి గుట్ట ఎక్కాను. గండిలో రాళ్ల వరుసలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. వాటి వెనక మన్ను నిలిచింది, గడ్డి కూడా లేచింది. అన్నిటికన్నా కింది వరుస మాత్రం సగంలో ఆగింది. ఒక రాయి ఎత్తుకొచ్చాను. పెట్టబోయే చోట, అప్పటి బురద ఎండకు గట్టిపడి ఉంది. అందులో ఆయన చెప్పుల అచ్చులు రెండు, పక్కపక్కనే. మడమలు లోతుగా దిగి ఉన్నాయి, బరువు ఎత్తుకుని నిలబడ్డ మనిషివి. వరుస పూర్తి కావాలంటే రాయి వాటి మీదే పడాలి. చేతులు లాగేస్తున్నా, చాలాసేపు దాన్ని దించలేకపోయాను.