బానెట్ మూసే ముందు

కార్లు బాగుచేసే మా మేస్త్రీ పోయాడన్న మాట నాకు పుత్తూరులో తెలిసింది. చెయ్యి విరిగిన ఒకాయనను కట్టు కట్టించడానికి తీసుకెళ్లి, వైద్యుని ఇంటి ముందు కారు ఆపుకొని ఉన్నాను. తిరుపతి బస్సు డ్రైవరు నన్ను చూసి అరిచాడు. "ఏమప్పా, ఈడుండావా? మీ మేస్త్రీ తెల్లారుజామున పొయినాడంట!" బస్సు ఆగలేదు. నాకు కాళ్లు ఒకచోట నిలవలేదు. కారు చుట్టూ తిరిగాను. బానెట్ ఎత్తాను, మూశాను, మళ్లీ ఎత్తాను. కట్టుతో బయటికొచ్చినాయన "బండికేమన్నా అయ్యిందా?" అంటే దాన్ని మూసి స్టీరింగ్ ముందు కూర్చున్నాను.

నాకు పుట్టుకతోనే నిదానం లేదు. "వీడు అన్నం ఉడికేదాకా ఆగడు, బియ్యమే బుక్కేస్తాడు" అనేది మా అమ్మ. అలాంటివాడికి, డెబ్బైల చివర్లో, తిరుపతిలో ఒక లాడ్జి ఓనరు తన పాత కారు అప్పగించాడు. యాత్రికులను కొండకు తీసుకెళ్లి దించుకొని రావడం నా పని. కారుకు అప్పటికే ఇరవై ఏళ్లు. ఐదుగురు కూర్చుంటే మలుపుల్లో ఆయాసం, రేడియేటరు పొంగు. భక్తులు గోవిందలు కొడుతూ దిగి నెట్టాల్సి వచ్చేది. ఓనరు ఒకరోజు తేల్చేశాడు. "ఇది కొండెక్కకుంటే పాత ఇనుముకు ఏసేస్తా. నువ్వు ఇంకో స్టీరింగ్ ఎతుక్కో." ఇంట్లో ఇద్దరు పసిబిడ్డలు. కారును నేరుగా మేస్త్రీ షెడ్డుకు తోలాను.

ఆయన పొట్టి మనిషి. ఏ ఇంజనైనా ముందు చెయ్యి వెనకవైపు ఆనించి చూసేవాడు, బిడ్డకు జ్వరం చూసినట్టు. తర్వాత పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజన్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకొని కళ్లు మూసుకొనేవాడు. అప్పుడెవరైనా మాట్లాడితే స్పానర్ విసిరేవాడు. తగిలేటట్టు కాదులెండి.

"బలం కావాల మేస్త్రీ, తొందరగా" అన్నాను.

"ఇస్తాలే. ముందు బ్రేకు సూస్తా."

"బ్రేకు బాగానే ఉండాది."

"ఎక్కేదానికి ఇంజన్ సాలబ్బా. దిగేదానికి బ్రేకుండల్ల."

మూడు రోజులు ఒట్టి బ్రేకులే! నేను షెడ్డులో అటూ ఇటూ తిరుగుతుంటే విసుక్కున్నాడు. "కాలుగాలిన పిల్లి మాదిరి తిరగాకురా, నా తల తిరగతాండాది."

ఆ తర్వాత అరిగిన సిలిండర్లను బోరింగ్‌తో వెడల్పు చేయించి పెద్ద పిస్టన్లు వేశాడు. వాల్వులు నూరాడు. ఇంజన్ పైభాగాన ఉండే హెడ్డును లేతు మిషను మీద రవ్వంత కోయించాడు. అట్లా కోస్తే లోపల పెట్రోలు ఆవిరికి చోటు తగ్గి, మండినప్పుడు గట్టిగా తంతుంది, బండికి బలం వస్తుంది. "ఇంకొంచెం కోయిద్దాం మేస్త్రీ" అన్నాను. "వద్దు. మన పెట్రోలుకు ఇంతే. ఉప్పు ఇంకో సిటికెడేస్తే కూర పోతాది."

బానెట్ మూసే ముందు ఆయనకొక అలవాటు. ఎడమ చేత్తో దాన్ని ఎత్తి పట్టుకొని "ఇంకేమన్నా సెప్పాల్నా?" అని అడిగేవాడు. బండి గురించి డ్రైవరు మనసులో ఉన్నదంతా కక్కేదాకా మూసేవాడు కాదు.

కారు కొండెక్కింది. ఒక్కరూ దిగలేదు. నా సంతోషం పది రోజులు కూడా నిలవలేదు. ఒక కొత్త కారువాడు మలుపులో నన్ను దాటి, కిటికీలోంచి చెయ్యి ఊపి పోయాడు. ఒళ్లు మండిపోయింది. ఆ వారమే చిత్తూరుకు పెళ్లి బాడుగ దొరికింది. పెళ్లివాళ్లు రెండు రోజులు అక్కడే. నేను హెడ్డు విప్పించి, అక్కడి లేతులో ఇంకాస్త కోయించి బిగించాను. మేస్త్రీకి చెప్పలేదు.

మరుసటి కొండ బాడుగలో, సగం దారిలో మొదలైంది. డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు. వెనక కూర్చున్న ముసలమ్మ "ఏందప్పా ఆ సప్పుడు?" అంది. "ఏం లేదమ్మా" అని ఇంకా తొక్కాను. ఫట్‌మంది. పొగ. పిస్టన్‌కు బొక్క పడింది. వాళ్లను బస్సెక్కించి, కారును షెడ్డుకు లాగించుకొచ్చాను.

హెడ్డు విప్పి మేస్త్రీ దాని మీద బొటనవేలు పోనిచ్చాడు. కొత్త కోత. నావైపు చూశాడు. అప్పుడే ఓనరు వచ్చి "ఎవురు చేసిన పని ఇది?" అని మీదికి లేచాడు.

"నా సెయ్యే సార్. రవ్వంత ఎక్కువ కోయించినాను" అన్నాడు మేస్త్రీ.

"బుద్ధుండాదా నీకు? మందిని సంపుతావా?" ఓనరు నానా మాటలన్నాడు. తన మిగతా కార్లు ఆ షెడ్డుకు పంపడం మానేశాడు. మేస్త్రీ చెయ్యి తప్పిందని కార్ల స్టాండంతా పాకింది. నిజం చెబితే నా స్టీరింగ్ పోతుంది. నూనె గుడ్డ పట్టుకొని నిలబడ్డాను, పిరికివెధవను.

మేస్త్రీ కొత్త పిస్టన్ వేశాడు. హెడ్డు కింద ఒకటికి రెండు రాగి రేకులు పెట్టి, నేను కోయించిన మందం మళ్లీ పూడ్చాడు. బానెట్ ఎత్తి పట్టుకొని అడిగాడు. "ఇంకేమన్నా సెప్పాల్నా?"

"ఏం లేదు మేస్త్రీ."

ఆ కారునే దాదాపు పదేళ్లు తోలాను. ఆ రెండు రేకుల మీదే నా బిడ్డలు బడికి పోయారు. ఆయన ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

పుత్తూరు నుంచి నేరుగా ఆయన ఇంటికే వెళ్లాను. జనం పలచబడ్డాక ఆయన భార్యతో అంతా చెప్పేశాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "ఆయనకు సెప్పాల్సింది నాకు సెప్తే యాడ పెట్టుకునేదప్పా నేను?" అంది. ఆ మాట నన్ను పట్టుకున్నప్పటి నుంచి నాకు కుదురు లేదు. అందుకే మీ అందరికీ చెబుతున్నాను. తప్పిన చెయ్యి ఆయనది కాదు, నాది.

పోయిన నెల ప్లగ్గులు చూపించడానికి వెళ్లినప్పుడే ఆయన్ను చివరిగా చూశాను. బానెట్ ఎత్తి పట్టుకున్న ఎడమ చెయ్యి వణుకుతోంది. నేను పట్టుకుంటానన్నా ఇవ్వలేదు.

"ఇంకేమన్నా సెప్పాల్నా?"

"ఏం లేదు మేస్త్రీ, మూసెయ్" అన్నాను. ఆయన వెంటనే మూయలేదు. చెయ్యి అట్లా వణుకుతూనే ఉంది.